నూటికి నలువది

ఆరువేల రూపాయలకు అన్ని చోట్ల ఒకే విలువ యుండదు. గుత్తేదారుని బిల్లులో ఆరువేలు లెక్కకు రాని చిల్లర. పెద్ద యుద్యోగి ప్రయాణపు బత్తెములో అది యొక పూట వెచ్చము. గుడివాడ ప్రాంతమున వడ్లమిల్లు బెల్టులో చేయి పోగొట్టుకొన్న కూలివాని ఇంట నదే ఆరువేలు నెలనాళ్ల బియ్యము, మందులు, కిరాణా కొట్టు బాకీ. అన్నిటికంటె మిన్నగా, ఆ ఇంటిలో అతని మాటకు మిగిలియున్న చెల్లుబడి. ఆంధ్రప్రదేశమున వికలాంగుల పింఛనుల విషయమై 2025వ సంవత్సరమున జరిగిన దానిని ఈ విలువల భేదము మనసున నుంచుకొని పరిశీలింపవలసియున్నది.

ముందుగా న్యాయముగా చెప్పవలసిన మాట చెప్పెదము. వికలాంగుల పింఛను విషయమున ఈ రాష్ట్రము వెనుకబడినది కాదు. 2014 అక్టోబరులో ఆ పింఛను నెలకు 1,000 రూపాయలు. నూటికి 80 పాళ్లకు మించిన వైకల్యము గలవారికి 1,500. 2019 నాటికది 3,000 అయినది. 2024 జూలై 1వ తేదీ మొదలుకొని 6,000 అయినది. మంచమునకో చక్రాల కుర్చీకో పూర్తిగా కట్టుపడినవారికి 5,000 ఉన్న దానిని 15,000 చేసిరి. ఈ పెంపుదలను మేము హృదయపూర్వకముగా హర్షించితిమి, ఇప్పుడును హర్షించుచున్నాము. ఢిల్లీ ప్రభుత్వము తన జాతీయ పథకము క్రింద పేద వికలాంగునకు 2012 మొదలుకొని ఇచ్చుచున్నది నెలకు 300 రూపాయలు; అనగా దినమునకు పది. అదియును 80 పాళ్ల వైకల్యము గలవారికే. పది రూపాయలకు బెజవాడ బస్సు నిలయములో ఒక కప్పు టీ వచ్చుట కూడ నేడు సందేహము. అట్టి లోభము ప్రక్కన మన రాష్ట్రపు ఆరువేలు ఔదార్యమువలెనే కనబడును.

కాని ఇచ్చిన చేయియే పెంచిన ఆరు మాసములకు లెక్కల పుస్తకము పట్టుకొని తిరిగి గుమ్మములోనికి వచ్చినది. 2025 జనవరిలో పునఃపరిశీలన ప్రారంభమైనది. మొదట మంచముననున్నవారి ఇండ్లకు వైద్యబృందములు పోయినవి. పిమ్మట తక్కినవారిని ఆసుపత్రులకు పిలిపించిరి. ఆగస్టులో లక్షకు మించిన కుటుంబములకు గ్రామ, వార్డు సచివాలయముల ద్వారా నోటీసులందినవి. వాని సారము ఒక్క అంకె: మీ వైకల్యము నూటికి నలువదికి తక్కువ, కావున మీరు అర్హులు కారు. పదునైదువేల వర్గమునందున్న కొందరిని ఆరువేల వర్గములోనికి దించుటకును, అరువదేండ్లు దాటిన కొందరిని వృద్ధుల వర్గములోనికి మార్చుటకును కాగితములు పుట్టినవి. జిల్లాలలో వికలాంగులు కలెక్టరు కచేరీల యెదుట బైఠాయించిరి. అప్పుడు ప్రభుత్వము, అప్పీలు పెట్టుకొన్నవారి సెప్టెంబరు పింఛను నిలుపబోమని ప్రకటించెను. ఆందోళన చల్లారినది, సమస్య చల్లారలేదు. నెల నెల ఒకటవ తేదీ ఉదయమున గుమ్మమువంక చూచు కన్నులలోనికి ఒక్క మారు ప్రవేశించిన భయము ఒక ప్రకటనతో బయటికి పోదు.

పింఛను నిలిచిపోవుట యన నేమో మధ్యతరగతి పాఠకునకు వెంటనే స్ఫురింపకపోవచ్చును. జీతములో కొంత కోత పడుటవంటిదని తలచును. అట్లు కాదు. మన డెల్టా గ్రామములలో వికలాంగుడున్న ఇంటి యార్థికము వేఱు. కాళ్లు లేనివానికి ఆసుపత్రికి పోవ బస్సు చాలదు, ఆటో వలయును. బస్సునకు ఇరువదియైన చోట ఆటోకు మున్నూరు. కన్నులు లేనివానికి తోడు మనిషి వలయును. ఆ తోడు వచ్చినవాడు ఆ దినపు కూలి పోగొట్టుకొనును. వెన్నుపూస దెబ్బతిన్నవానికి మూత్రపు గొట్టము, సంచి, పుండ్లకు దూది, మందు నెల నెలయు కొనవలయును. మతి స్థిమితము లేని బిడ్డ గల తల్లి నాట్లకు, కలుపులకు పోజాలదు. పోయినచో బిడ్డను త్రాటితో కట్టి పోవలయును. కావున ఒక వైకల్యము ఒక మనుష్యుని సంపాదనను మాత్రమే హరించి యూరకుండదు. ప్రక్కనున్న మఱియొకరి సంపాదనలో సగమును హరించును. ఆరువేలనగా దినమునకు రెండు వందలు. ఆ రెండు వందలు ఆ రెండు నష్టములకును కలిపి ఇచ్చిన పరిహారము. అది దానము కాదు. చాలీ చాలని పరిహారము.

ఇంకొక విషయము లెక్కలకెక్కనిది కలదు. తమ్ముని పంచన బ్రతుకు అన్న, కోడలి చేతి కూడు తిను అవివాహిత యైన ఆడుబిడ్డ, కొడుకు దయమీద నాధారపడిన తండ్రి, వీరికి ఈ పింఛను వచ్చిన పిదప ఇంటిలో ఒక స్థానమేర్పడినది. “మా అక్కయ్య పింఛనుతోనే ఈ నెల కరెంటు బిల్లు కట్టితిమి” అని మరదలు పొరుగింట చెప్పుకొనిన దినమున ఆ అక్కయ్య కంచములో కూర మారలేదు. కాని ఆ కంచమును పెట్టు తీరు మారినది. పింఛను తీసివేయుట యనగా ఆ తీరును తీసివేయుట. పీటమీద కూర్చున్నవానిని తిరిగి అరుగుమీదికి పంపుట. దీనికి ఖజానా లెక్కలలో పద్దు లేదు.

ఇక నోటీసు వచ్చిన దినము మొదలుకొని జరుగు పని చూడుడు. నోటీసు చదువుటకు ఒకరిని బ్రతిమాలుకొనవలయును. అప్పీలు వ్రాయుటకు మఱియొకరిని. మండలాభివృద్ధి యధికారి కచేరీకిగాని పురపాలక కమిషనరు కచేరీకిగాని దానిని చేర్పవలయును. పిమ్మట ఆసుపత్రికి పిలుపు వచ్చును. కోడూరు, నాగాయలంక పల్లెలవారు మచిలీపట్టణమునకో బెజవాడకో రావలయును. కృత్తివెన్ను సముద్రతీరపు పల్లెవారికిని అదే తిప్పట. తెల్లవారుజామున బయలుదేరి, ఇద్దరు పట్టుకొని బస్సెక్కించి, ఆసుపత్రి వరుసలో నిలువబెట్టవలయును. నిలువజాలడనియే కదా అతడు వికలాంగుడు! నిలువజాలనివానిని వరుసలో నిలువబెట్టి, నిలిచితివి కావున నీకు వైకల్యము లేదని తేల్చుట ఒక్కటియే తక్కువ. 2024 సెప్టెంబరు తొలి దినములలో బుడమేరు పొంగి సింగునగరము వైపు ఇండ్లు మునిగినప్పుడు కాగితములన్నియు నీటిపాలైన కుటుంబములు బెజవాడలో నెన్నియో కలవు. పాత ఆసుపత్రి చీటీలు తెమ్మన్నచో వారెచ్చటినుండి తెత్తురు?

ఈ నలువదవ పాలు ఎచ్చటనుండి వచ్చినది? పార్లమెంటు 1995లో చేసిన చట్టమున ఏడు విధములైన వైకల్యములను పేర్కొని నలువది పాళ్లను గీతగా గీచిరి. ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను మన దేశము 2007 అక్టోబరు 1న ఆమోదించిన పిదప, 2016లో క్రొత్త చట్టము వచ్చినది. వైకల్యముల సంఖ్య ఇరువదియొకటికి పెరిగినది. గీత మాత్రము నలువదియందే నిలిచినది. కొలుచు పద్ధతులను 2018 జనవరిలో ప్రకటించి, 2024 మార్చిలో సవరించిరి. ఇచ్చట పాఠకులు గమనింపవలసిన దేమనగా, ఒకప్పుడొక కొలబద్దతో కొలువబడి యోగ్యతాపత్రము పొందినవాడు, వాని శరీరమున నే మార్పును లేకయే, మఱియొక కొలబద్ద వచ్చినప్పుడు వేఱొక అంకెకు దిగిపోవచ్చును. కాలు మారలేదు, కాగితము మారినది.

అంకె కొలుచునది దేహమును, బ్రతుకును కాదు. ఒక కన్ను పూర్తిగా పోయి, రెండవ కన్ను సరిగా నున్నవానికి ఆ పట్టికలో ముప్పది పాళ్లు. గుమాస్తాకును ముప్పదియే, లారీ నడుపువానికిని ముప్పదియే. గుమాస్తా మఱునాడు కచేరీకి పోయి కూర్చుండును. లారీ డ్రైవరునకు ఆ దినముతో బ్రతుకు తెరువు ముగిసినది. రెండు వ్రేళ్లు తెగిన వకీలు వాదించును, రెండు వ్రేళ్లు తెగిన పెడన నేతగాడు మగ్గము విడువవలయును. వడ్రంగికి భుజము, కూలికి నడుము, కుట్టుపనివానికి కన్ను, పురోహితునకు గొంతు. ఎవని జీవనాధారము వాని అంగములో నున్నది. అంగము పోయిన పాలు ఎంతయని అడుగుట ఒక ప్రశ్న. జీవనము పోయిన పాలు ఎంతయని అడుగుట వేఱొక ప్రశ్న. పింఛను రెండవ ప్రశ్నకు సమాధానముగా పుట్టినది. దానిని మొదటి ప్రశ్నతో కొలుచుచున్నారు. వైద్య విద్యాప్రవేశమునకు సంబంధించిన యొక వ్యాజ్యములో మన సర్వోన్నత న్యాయస్థానము 2024 అక్టోబరులో, వైకల్యపు శాతమును మాత్రమే చూచి తలుపు మూయరాదనియు, ఆ మనుష్యుడు పని చేయగలడా లేదా యని పరిశీలింపవలెననియు తీర్పు చెప్పినది. చదువు విషయమున చెల్లిన ధర్మము కూటి విషయమున చెల్లకపోవుటకు కారణము మాకు కనబడదు.

మఱియు గీత గీచిన విధమును చూడుడు. నలువది వచ్చినవానికి ఆరువేలు. ముప్పదితొమ్మిది వచ్చినవానికి సున్న. నడుమ మెట్టు లేదు, గోడయే యున్నది. ఉదయమున కొలిచిన వైద్యునకు నలువదిరెండుగా కనబడినది సాయంకాలము కొలిచిన వైద్యునకు ముప్పదియెనిమిదిగా కనబడవచ్చును. కీళ్లవాతము వర్షాకాలమున నొక తీరు, వేసవిలో నొక తీరు. మానసిక వ్యాధి ఒక వారము మనుష్యుని మామూలుగా నుంచి మఱు వారము కూల్చివేయును. అట్టి చోట నాలుగు పాళ్ల తేడామీద ఒక కుటుంబపు సంవత్సరాదాయములో 72,000 రూపాయలు వ్రేలాడదీయుట శాస్త్రమును కాదు, న్యాయమును కాదు.

పోలియో సంగతి వేఱుగా చెప్పవలసియున్నది. మన దేశమున ఆ వ్యాధి నిర్మూలింపబడినదని 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపఱచినది. గర్వింపదగిన విజయము. కాని టీకాలకు ముందు దాని వాతబడినవారు నేడు నలువది, ఏబది, అరువదేండ్ల వయసున మన మధ్య నున్నారు. మోకాలిమీద చేయి యూని నడచు ఆ తరమువారిని ప్రతి యూరిలోను చూతుము. చచ్చుబడిన కాలు ఏండ్లు గడచిన కొలది చిగురింపదు. పైగా ముప్పదేండ్లు భారము మోసిన ఆ చేయి, ఆ భుజము, ఆ నడుము అరిగిపోవును. అట్టివానిని మరల పిలిచి, నీ కాలు బాగుపడినదేమో చూతము రమ్మనుట పరిశీలన యగునా, పరిహాస మగునా?

ప్రభుత్వ పక్షమున చెప్పు మాటను విస్మరింపజాలము. దొంగ యోగ్యతాపత్రములు లేకపోలేదు. చెవులు బాగుగా వినబడువారు చెవిటివారైరి. డబ్బు పుచ్చుకొని అంకెలు వేసిన వైద్యులు కలరు, అంకెలు వేయించిన దళారులు కలరు, తమ కక్షివారికి సిఫారసు చేసిన నాయకులును కలరు. ఆ దొంగతనము ఖజానా సొమ్ముపైన మాత్రమే కాదు, నిజమైన వికలాంగుని పరువుపైన జరిగిన దొంగతనము. దానిని శిక్షింపవలెనని మేమందఱికంటె గట్టిగా కోరుచున్నాము. అందులకు చట్టము కలదు. 2016నాటి చట్టపు 91వ సెక్షను ప్రకారము వికలాంగుల కుద్దేశించిన లాభమును మోసముతో కాజేసినవానికి రెండేండ్ల వఱకు ఖైదును, లక్ష రూపాయల వఱకు జరిమానాయు వేయవచ్చును. లక్ష నోటీసులు వెళ్లినప్పుడు, ఆ లక్ష పత్రములపై సంతకములు చేసిన ప్రభుత్వ వైద్యులెందఱికి నోటీసులు వెళ్లినవో ప్రభుత్వము చెప్పవలయును. పత్రము నకిలీ యైనచో దానిని పుట్టించినవాడు మొదటి ముద్దాయి. సరియైనదైనచో దానిని త్రోసివేయుట ప్రభుత్వము తన సంతకమును తానే త్రోసివేయుట. రెండు విధములను బరువు కుంటివాని నెత్తిననే పడుట ఏ ధర్మశాస్త్రమున నున్నది?

న్యాయశాస్త్రపు దృష్టితో చూతము. మన రాజ్యాంగపు 41వ అధికరణము నిరుద్యోగమున, వార్ధక్యమున, రోగమున, అంగవైకల్యమున ప్రజలకు సహాయము చేయుట రాజ్యమునకు కర్తవ్యముగా విధించినది. తన ఆర్థికశక్తి మేరకు అని షరతు పెట్టినది. ఉద్యోగుల పింఛను విషయమున సర్వోన్నత న్యాయస్థానము 1971లోను, మరల 1982లోను, పింఛను ప్రభువు దయతో విసరిన కానుక కాదని నిర్ధారణ చేసినది. అది ఉద్యోగుల మాట యనియు, వికలాంగుల సహాయము వేఱనియు ప్రభుత్వ న్యాయవాది చెప్పగలడు, నిజమే. కాని 2016నాటి చట్టపు 24వ సెక్షను, వికలాంగులకిచ్చు సహాయము అట్టి పథకములలో నితరులకిచ్చు దానికంటె కనీసము నూటికి ఇరువదియైదు పాళ్లు అధికముగా నుండవలెనని శాసించినది. కొలత వ్రాసి శాసించినదానిని దయ యనరాదు. ఈ రాష్ట్రమున వృద్ధులకు 4,000, వికలాంగులకు 6,000. ఆ శాసనమును మన రాష్ట్రము మించియే పాటించినది. మొత్తము విషయమున అంత ధర్మము పాటించినవారు తీసివేయు పద్ధతి విషయమున ఏల పాటింపరాదు? శిక్షకు ముందు విచారణ యుండవలెననునది బెజవాడ మునసబు కోర్టులో నూరు రూపాయల దావాకు కూడ చెల్లు సూత్రము.

ఇతర దేశములు ఈ త్రోవనే నడచి దెబ్బతిని నేర్చుకొన్న పాఠములు కలవు. అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 1970లో, పేదల సహాయమును నిలుపుటకు ముందుగా విచారణ జరుపవలెనని తీర్పు చెప్పెను. ఆఱేండ్లకు 1976లో అదే న్యాయస్థానము, వైకల్యపు భృతికి ఆ ముందు విచారణ అక్కఱలేదని వెనుకకు తగ్గెను. 1981 మొదలుకొని అచ్చటి ప్రభుత్వము పునఃపరిశీలన పేర లక్షలాది మంది భృతిని కోసివేసెను. వారిలో పెక్కుమంది అప్పీళ్లలో గెలిచిరి. అనేక రాష్ట్రముల గవర్నరులే ఆ పరిశీలనను జరుపుటకు నిరాకరించిరి. తుదకు 1984లో అచ్చటి శాసనసభ చట్టము చేసి రెండు నియమములు పెట్టినది. మొదటిది: భృతి పొందువాని శరీరస్థితి నిజముగా మెరుగుపడినదని చూపక భృతి తీయరాదు. రెండవది: అప్పీలు తేలు వఱకు భృతి ఇచ్చుచుండవలెను. ఇంగ్లండులో కోతల మూలమున వికలాంగుల హక్కులకు గురుతరమైన భంగము కలిగినదని ఐక్యరాజ్య సమితి సంఘము 2016లో నివేదిక వ్రాసెను. అయినను 2025లో అచ్చటి శ్రామికపక్ష ప్రభుత్వము మరల వికలాంగుల భృతిని బిగింప బూనుకొనగా, ఆ పక్షపు సభ్యులే తిరుగబడిరి. జూలై 1న ఆ భాగమును విరమించుకొనవలసి వచ్చెను. మన వికలాంగులు రోడ్డెక్కినది దానికి రెండు మాసములైన తరువాత కాదు, రెండు మాసములైనను నిండకముందే. దేశములు వేఱు, లేని చేయి చూపించి లేదని నిరూపింపుమనిన అవమానము ఒక్కటే.

పొదుపు మాట తీసికొందము. లక్షమంది పింఛనులు తీసివేసినచో నెలకు అరువది కోట్లు, ఏడాదికి 720 కోట్లు మిగులును. పెద్ద మొత్తమే. కాని సామాజిక పింఛనులన్నిటికిని ఈ రాష్ట్రము నెలకు వెచ్చించునది సుమారు 2,700 కోట్లు. దానిలో ఈ పొదుపు నూటికి రెండు పాళ్ల పై చిల్లర. ఆ చిల్లరలోనుండి వైద్యబృందముల వ్యయము, అప్పీళ్ల వ్యయము, తిరిగి గెలిచినవారి పింఛనులు తీసివేయుడు. మిగులునది ఎంత? ఆ మిగులునకు ప్రతిగా లక్ష ఇండ్లలో పుట్టిన భయపు వెల ఎంత? వ్యాపారి యైనను ఇట్టి బేరమునకు ముందు ఒక్క నిమిషము ఆలోచించును.

కావున మా కోరికలు స్పష్టము. యోగ్యతాపత్రము ప్రభుత్వ వైద్యుడిచ్చినదైనప్పుడు, అది తప్పనిగాని, స్థితి మెరుగుపడినదనిగాని నిరూపించు బాధ్యత ప్రభుత్వముదే కావలెను. అంతిమ నిర్ణయము వెలువడు వఱకు పింఛను నిలుపరాదు. ఒక నెల దయతో కాదు, నియమముతో. నోటీసులో అంకె మాత్రమే కాక, ఏ పరీక్ష ఎవరు జరిపిరో, పాత అంకె ఎందులకు మారెనో తెలుగున వ్రాసి యీయవలెను. పోలియో, అంగచ్ఛేదము, పుట్టుగ్రుడ్డితనమువంటి మారని వైకల్యములను మరల మరల కొలుచుట మానవలెను. కదలలేనివారి కడకు వైద్యుడే పోవలెను. ఆసుపత్రికి పిలిచినచో వికలాంగునకును తోడు వచ్చినవానికిని దారి ఖర్చును దినకూలియు నీయవలెను. నలువది గోడకు బదులు మెట్లు కట్టవలెను: ముప్పదికిని నలువదికిని నడుమనుండి, తన వృత్తి తాను చేయజాలనివానికి తగ్గించియైనను కొంత ఈయవలెను. ఎన్ని నోటీసులిచ్చిరో, ఎందఱు గెలిచిరో, ఎందఱు వైద్యులపై చర్య తీసికొనిరో జిల్లాలవారీగా ప్రకటింపవలెను.

ప్రభుత్వమును అడుగుట సగము పని. తక్కిన సగము మనది. ఈ బెజవాడలోనే 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రథమ మహాసభ జరిగినది. చదువు రానివారికి పత్రిక చదివి వినిపించుట నాటి పఠనమందిరముల వ్రతము. నేడు పత్రిక వినిపింపవలసిన యవసరము తగ్గినది. నోటీసు చదివి వినిపింపవలసిన యవసరము పెరిగినది. ప్రతి పఠనమందిరమున వారమునకొక సాయంకాలము ఒక బల్ల వేసి, అప్పీళ్లు వ్రాసిపెట్టుటకు ఇద్దరు యువకులు కూర్చుండలేరా? మా న్యాయవాద వృత్తిలోనివారు నెలకొక దినము రుసుము లేక ఈ కాగితములు చూడలేరా? ఆటో కార్మిక సంఘములు ఆసుపత్రి దినమున ఒక బండి పంపలేవా? స్వచ్ఛంద సేవకుల కొఱత ఈ పట్టణమున ఎన్నడును లేదు. 2024 వరదలలో మెడలోతు నీటిలో అన్నపు పొట్లములు మోసిన యువకులను మేము చూచితిమి. వరద వచ్చినప్పుడు కనబడు దుఃఖమునకు పరుగెత్తినవారు, గుమ్మములోపల నోటీసు పట్టుకొని కూర్చున్న కనబడని దుఃఖమునకును నడచి పోవలయును.

పేర్లు మార్చుటయందు మనకు శ్రద్ధ మెండు. అంగవిహీనులను వికలాంగులనిరి, 2015లో దివ్యాంగులనిరి, మన రాష్ట్రపు శాఖ వారిని విభిన్న ప్రతిభావంతులనుచున్నది. పేరు గౌరవముగా నుండుట మంచిదే. కాని “విభిన్న ప్రతిభావంతుడవైన నీవు ముప్పదితొమ్మిది పాళ్లు మాత్రమే విభిన్నుడవు, కావున నీకు కూడు లేదు” అని వ్రాసిన కాగితమున ఆ గౌరవము ఎన్ని నిమిషములు నిలుచును? గౌరవము పేరులో కాదు, ఒకటవ తేదీన తప్పక చేతికందు ఆరువేలలో ఉన్నది. ఆ ఆరువేలు వచ్చునా రాదా యని ముప్పదవ తేదీ రాత్రి నిదుర పట్టకుండ నుండవలసిన పని లేకుండుటలో ఉన్నది. ప్రభుత్వము పెంచిన పింఛను ఆ నిదురను ఇచ్చినది. పునఃపరిశీలన దానిని తీసికొన్నది. దానిని తిరిగి ఇచ్చుట ప్రభుత్వపు చేతిలోను, ఇప్పించుట మన చేతిలోను ఉన్నవి.